షోలో తయారీ టేబుళ్లు తీసేయకండి: మన మోడల్ విమానాల ఫ్లయింగ్ క్లబ్ కమిటీకి బహిరంగ లేఖ

కమిటీ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది షోలో స్టాటిక్ డిస్‌ప్లే, అంటే మోడళ్లను టేబుళ్ల మీద పెట్టి చూపించడం, ఉండదు, ఉదయం నుంచి సాయంత్రం దాకా ఫ్లయింగే ఉంటుంది అని మీరు పెట్టిన నోటీసు చూశాను. చూసిన రాత్రే రాయబోయి ఆగిపోయాను, కోపం మీద రాస్తే అసలు సంగతి పక్కకు పోతుందని. వారం గడిచింది, కోపం తగ్గింది, బాధ మాత్రం అలాగే ఉంది. అందుకే మీకు విడిగా ఉత్తరం పెట్టకుండా సభ్యులందరూ చదివేలా రాస్తున్నాను. నేను అడిగేది ఒక్కటే. చేత్తో కట్టిన మోడళ్లను జనం దగ్గర నుంచి చూసే ఆ టేబుళ్లను ఉండనివ్వండి. కావాలంటే నాలుగు టేబుళ్లను రెండు చేయండి, మొత్తానికే తీసేయడం మాత్రం వద్దు.

మీరు చెప్పిన కారణాలను నేను కొట్టిపారేయడం లేదు. టేబుళ్ల దగ్గర జనం నిలబడరన్నారు, పోయినసారి మార్కుల దగ్గర గొడవైందన్నారు, టేబుల్ మీదే ప్రొపెల్లర్ తిరిగిన సంఘటన గుర్తుచేశారు. కొత్తగా చేరేవాళ్లంతా రెడీమేడ్ విమానాలతోనే వస్తున్నారు కాబట్టి అసలు కట్టేవాళ్లే మిగల్లేదన్నారు. వీటన్నిటి గురించీ మాట్లాడతాను, కానీ ముందు ఆ టేబుల్ నాకేం చేసిపెట్టిందో చెప్పనివ్వండి.

బాల్సా అనే తేలిక చెక్కతో నేను కట్టిన మొదటి విమానం ఒక హై-వింగ్ ట్రెయినర్, అంటే రెక్క పైన ఉండే, నేర్చుకునేవాళ్ల విమానం. ఈ చివర నుంచి ఆ చివరకి రెక్క మీటరున్నర, కట్టడానికి అయిదు నెలలు పట్టింది. ఎగిరేది, కానీ దానికి ఏదో జబ్బు ఉండేది. వేగంగా వెళ్తున్నప్పుడు కుడికి లాగేది, నేను ట్రాన్స్‌మిటర్‌లో ఎడమకి ట్రిమ్ (చిన్న సర్దుబాటు) ఇచ్చి సరిచేసేవాణ్ణి. అదే దింపడానికి వేగం తగ్గించేసరికి ఉన్నట్టుండి ఎడమ రెక్క కిందకి పడిపోయేది. రెండుసార్లు నేలకి అడుగెత్తులో అలా పడి రెక్క చివర దెబ్బతింది, మూడోసారి ముక్కు నేలకి గుచ్చుకుంది. సర్వోలు (రెక్క, తోక పలకల్ని కదిపే చిన్న మోటార్లు) మార్చాను, రిసీవర్ మార్చాను, రెక్క కింద రెండు వేళ్లు పెట్టి సీజీ (బరువు సమంగా నిలిచే చోటు) మళ్లీ మళ్లీ చూసుకున్నాను, బ్యాటరీని ముందుకి జరిపాను, ఏదీ పని చేయలేదు. ఒక దశలో నాకు ఎగరేయడమే రాదేమో, మానేద్దామా అనుకున్నాను.

ఆ ఏడాది షోలో దాన్ని గాల్లోకి లేపే ధైర్యం లేక టేబుల్ మీద పెట్టాను. ఫ్లయింగ్ ఎప్పుడో మానేసి, షో రోజు మాత్రం వచ్చి అన్నీ చూసి వెళ్లే ఒక పెద్దాయన ఆగారు. తోక వెనక్కి వెళ్లి, వంగి, ఒక కన్ను మూసి రెక్క అంచు వెంట చూశారు. "ఎడమ రెక్క మెలి తిరిగింది బాబూ, చివర్లో వెనక అంచు కిందకి దిగింది చూడు" అన్నారు. నాకేమీ కనిపించలేదు. నా భుజం పట్టుకుని సరైన ఎత్తుకి వంచారు, అప్పుడు కనిపించింది. మహా అయితే మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ మెలిక వల్ల ఎడమ రెక్క చివర గాలిని ఎక్కువ కోణంలో ఎదుర్కొంటోంది, అందుకే వేగం ఉన్నప్పుడు ఆ పక్క ఎక్కువ లేచి విమానం కుడికి ఒరుగుతోంది. వేగం తగ్గగానే, ఎక్కువ కోణంలో ఉన్న ఆ చివరే మిగతా రెక్క కంటే ముందు స్టాల్ అయ్యి, అంటే గాలి పట్టు తప్పి, పడిపోతోంది. నేను రెండు జబ్బులనుకుని రెండు రకాల మందులు వేస్తూ వచ్చాను, ఉన్నది ఒకటే జబ్బు!

రెక్క మీది ప్లాస్టిక్ ఫిల్మ్‌ని వేడితో బిగించే కవరింగ్ ఐరన్‌ని ఆయన పక్క టేబుల్ వాళ్ల దగ్గర అడిగి తెచ్చారు. నన్ను రెక్క చివర పట్టుకుని ఎదురు దిక్కుకి మెలితిప్పమన్నారు, ఆయన ఫిల్మ్ మీద ఐరన్ నెమ్మదిగా నడిపారు, ముడతలు కనిపించి మళ్లీ బిగుసుకున్నాయి, చల్లారేదాకా వదలొద్దన్నారు. రెండు రెక్కల చివర్లలోనూ వెనక అంచు ఓ రెండు డిగ్రీలు పైకే ఉండాలి, దాన్నే వాష్‌అవుట్ అంటారు, అప్పుడు చివరలు ఆఖర్న స్టాల్ అవుతాయి, దించేటప్పుడు విమానం నీ మాట వింటుంది అని చెప్పారు. తర్వాతి వారం విమానం గీత గీసినట్టు దిగింది. ఇదంతా పుస్తకాల్లో ఉందా అంటే ఉంది, కానీ జబ్బు పేరే తెలియనివాడు ఏ పేజీ తెరుస్తాడు? ఎగిరే విమానంలో ఆ మెలికను పైన చూసి పట్టుకోవడం ఎవరివల్లా కాదు. టేబుల్ మీద ఆగి ఉండబట్టి, పక్కన తెలిసిన మనిషి నిలబడబట్టి దొరికింది.

పాత సభ్యులకి ఇంకో విషయం గుర్తుండే ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు రాకముందు ఒకే ఛానెల్ మీద ఇద్దరు ట్రాన్స్‌మిటర్ ఆన్ చేస్తే గాల్లో ఉన్న విమానం కూలిపోయేది. అందుకని ఫీల్డ్‌లో ఒక బోర్డు, దానికి ఛానెల్ నంబర్ల పిన్నులు ఉండేవి, పిన్ను ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ఎగరేయాలి, మిగతావాళ్లు వాళ్లు దింపేదాకా ఆగాలి. ఆ ఆగే టైమ్‌లోనే ఒకరి విమానం ఒకరు చూసేవాళ్లు, ఈ హింజ్ ఎలా పెట్టావు, ఈ జాయింట్‌కి ఏ జిగురు వాడావు అని అడిగేవాళ్లు. ఇప్పుడు ఎవరికోసమూ ఎవరూ ఆగక్కర్లేదు, అది నిజంగా గొప్ప సౌకర్యమే, ఆ పాత టెన్షన్ మళ్లీ రావాలని నేను కోరుకోను. కాకపోతే ఆ సౌకర్యంతో పాటు ఆ కబుర్లూ పోయాయి. వచ్చి, ఎగరేసి, బ్యాటరీలు అయిపోగానే ఇంటికి వెళ్లిపోతున్నాం. ఏడాదికి ఒక్కరోజు ఆ కబుర్లకి చోటిచ్చేది ఆ టేబుళ్లే, ఇప్పుడు అవీ తీసేస్తామంటున్నారు.

ఇక జనం నిలబడరన్న మాటకి వస్తాను. పోయినసారి టేబుళ్లను ఎక్కడ వేశాం? పార్కింగ్ వెనక, మైక్ వినిపించని చోట. మెరిసేలా పెయింట్ వేసిన విమానాలు వరసగా పెట్టి, ముందు తాడు కట్టి, ముట్టుకోవద్దని బోర్డు పెట్టాం. వాటిని కట్టినవాళ్లంతా ఫ్లైట్ లైన్ దగ్గర, అంటే ఎగరేసే చోట ఉన్నారు, వాటి గురించి అడిగితే చెప్పే నాథుడు లేడు. అలా పెడితే నేనైనా రెండు నిమిషాలకంటే నిలబడను. బయట నుంచి వచ్చేవాళ్లకి పూర్తయిన బాల్సా విమానానికీ డబ్బాలోంచి తీసిన ఫోమ్ విమానానికీ తేడా ఏం తెలుస్తుంది? పైగా ఫోమ్‌దే ఎక్కువ నున్నగా ఉంటుంది.

అదే టేబుళ్లలో ఒక చివర నేను కవరింగ్ వేయని రెక్క ఒకటి పెట్టాను. రిబ్బులు (పక్కటెముకల్లాంటి అడ్డ ముక్కలు), స్పార్ (రెక్క పొడవునా ఉండే దూలం), ముందు అంచు, వెనక అంచు, అంతే, చేప ముల్లు లాగా. తాడు బయట పెట్టాను, చేతికిచ్చాను. పదేళ్ల బాబు ఒకడు రెండు చేతులూ చాచి, బరువుంటుందని కాస్త బిగపట్టి తీసుకున్నాడు, అది ఏమీ బరువు లేకపోయేసరికి వాడి చేతులు వాటంతటవే పైకి లేచాయి. వాడి మొహం నేను మర్చిపోలేను. తర్వాత రెండు చివరలూ పట్టుకుని మెలితిప్పమన్నాను. తడి తువ్వాలు పిండినట్టు తేలిగ్గా తిరిగింది. పక్కన అలాంటిదే, ఫిల్మ్ వేసి బిగించిన రెక్క ఇచ్చి దీన్ని తిప్పు అన్నాను. తిరగలేదు. "లోపల ఇంకేం పెట్టారు?" అని అడిగాడు. ఏమీ పెట్టలేదు నాన్నా, పైన ఆ పల్చటి పొర ఒక్కటే తేడా అన్నాను. నమ్మలేదు, వెలుతురుకి ఎత్తి లోపలికి చూశాడు, రిబ్బులు లెక్కపెట్టాడు. వాళ్లమ్మ వచ్చి పద పద అంటే ఆవిడ చేతిలో కూడా పెట్టి మెలితిప్పించాడు. ఇద్దరూ అక్కడే ముప్పావుగంట ఉన్నారు, అటు గాల్లో జెట్ వెళ్తుంటే ఓసారి తలెత్తి చూసి మళ్లీ రెక్క వైపు తిరిగాడు వాడు. జనం నిలబడరు అని ఎవరన్నా అంటే నాకు ఆ పిల్లాడే గుర్తొస్తాడు.

చూపించడానికి ఇలాంటివి ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు. మీటరు పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు, మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న బాల్సా షీట్లు రెండు పక్కపక్కన పెడితే ఒకేలా కనిపిస్తాయి, తూకం వేస్తే ఒకటి 30 గ్రాములు, ఇంకోటి 60 గ్రాములు తూగొచ్చు. ఏది రెక్కకి, ఏది ఫ్యూజలాజ్‌కి (విమానం ఒంటికి), ఏది తోకకి అస్సలు వాడకూడదు అన్నది ఒక చిన్న త్రాసు పెట్టి జనం చేతే తూయిస్తే చాలు, వేరే ఉపన్యాసం అక్కర్లేదు. తోక చివర పెరిగే ప్రతి గ్రాముకీ ముక్కు దగ్గర రెండు మూడు గ్రాములు మోయాల్సి వస్తుందని వేలి మీద స్కేలు నిలబెట్టి చూపించొచ్చు. అడ్డంగా చుక్కలు చుక్కలుగా మెరిసే సీ-గ్రెయిన్ షీట్ వంచితే ఫట్‌మని విరుగుతుంది, అది రిబ్బులకి మంచిది. పొడుగు గీతలున్న ఏ-గ్రెయిన్ షీట్ కాస్త తడిపితే రెక్క ముందు అంచు గుండ్రం చుట్టూ చక్కగా వంగుతుంది. రెండు ముక్కలు పిల్లల చేతికిచ్చి వంచి చూడమంటే చాలు, జన్మలో మర్చిపోరు.

కట్టడం పాతకాలపు వ్యవహారం, ఇప్పుడంతా కొనుక్కుని ఎగరేయడమే అని మీటింగ్‌లో ఒకరన్నారు. నేను కూడా ఫోమ్ విమానం ఎగరేస్తాను, గాలి ఎక్కువున్న రోజున బాల్సాది బయటికి తీయడానికి నాకే మనసొప్పదు. రెడీమేడ్ రావడం వల్ల ఎంతోమంది ఈ హాబీలోకి రాగలిగారు, నెలల తరబడి ఆగకుండా వారంలోనే ఎగరేయగలుగుతున్నారు, వాళ్లని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు ఇష్టం ఉండదు. కానీ ఎగరడం గురించి మనుషులు నేర్చుకున్నది చాలావరకు కట్టడం ద్వారానే. 1871లో పారిస్‌లోని ట్యూలరీ తోటలో అల్ఫోన్స్ పెనో అనే ఫ్రెంచ్ ఆవిష్కర్త రబ్బరుతో నడిచే చిన్న మోడల్‌ని జనం ఎదుట ఎగరేశాడు. అది 11 సెకన్లలో 40 మీటర్లు వెళ్లింది, ఎవరూ ముట్టుకోకుండా తనంతట తాను నిలకడగా వెళ్లింది, అదీ దాని గొప్ప. ఆయన తరహాలో తయారైన రబ్బరు హెలికాప్టర్ బొమ్మనే 1878లో రైట్ సోదరులకి వాళ్ల నాన్న తెచ్చిచ్చాడు, అప్పటికి విల్బర్‌కి 11 ఏళ్లు, ఆర్విల్‌కి 7. ఆ బొమ్మ విరిగిపోయింది. విరిగాక వాళ్లు దాన్ని చూసి తామే ఇంకోటి కట్టుకున్నారు. నాకు ఆ కథలో బొమ్మ ఇవ్వడం కంటే ఆ రెండో భాగమే ముఖ్యం అనిపిస్తుంది.

అంత వెనక్కి పోనక్కర్లేదు కూడా. 2003 ఆగస్టులో అమెరికా మోడలర్ మేనార్డ్ హిల్ బృందం కట్టిన టామ్-5 అనే మోడల్ కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ నుంచి బయల్దేరి అట్లాంటిక్ దాటి ఐర్లండ్‌లో దిగింది. ఇంధనంతో సహా 5 కిలోల లోపే బరువు, బాల్సా చెక్క, పైన ప్లాస్టిక్ ఫిల్మ్, దాదాపు 39 గంటలు గాల్లో ఉండి 3,000 కిలోమీటర్లకి పైగా వెళ్లింది. అంతకుముందు పంపినవి సముద్రం దాటలేదు, అయినా మళ్లీ కట్టారు. అప్పటికి హిల్‌కి కంటిచూపు దాదాపు పోయింది. మన టేబుల్ మీద ఉండే చెక్కతోనే, మనం వాడే ఫిల్మ్ లాంటి దానితోనే! ఈ కథ షోకి వచ్చే పిల్లలకి ఎవరు చెప్తారు?

ఇప్పుడు మార్కుల గొడవ. కొన్న విమానాన్ని ఒకరు తామే కట్టామని పెట్టారని ఆరోపణ, కాదని వాదన, రెండు కుటుంబాలు మాట్లాడుకోవడం మానేసేదాకా వెళ్లింది, ఆ బాధ నాకూ ఉంది. ప్రపంచ స్థాయి స్కేల్ పోటీల్లో (అసలు విమానాలకి నమూనాలుగా కట్టిన మోడళ్ల పోటీలు), ఎఫ్4సి లాంటి తరగతిలో, విమానాన్ని పోటీదారే కట్టి ఉండాలని నియమం ఉంది, అసలు విమానం ఫోటోలు, డ్రాయింగులు పక్కన పెట్టుకుని జడ్జీలు పోల్చి చూసి నిలబెట్టిన మోడల్‌కి మార్కులేస్తారు, ఎగరేసినప్పుడు మళ్లీ వేరే మార్కులు. మనది ఒక చిన్న క్లబ్ షో. మనకి జడ్జీలెందుకు, మొదటి బహుమతి, రెండో బహుమతి ఎందుకు? అవి తీసేయండి, టేబుళ్లని కాదు. ప్రతి మోడల్ ముందు ఒక కార్డు పెడదాం. ఇందులో నేను కట్టింది ఏది, కొన్నది ఏది, ఎంత కాలం పట్టింది, ఎక్కడ తప్పు చేశాను, అంతే. రెడీమేడ్ విమానం తెచ్చుకుని దాని ల్యాండింగ్ గేర్ ఒక్కటి తన చేత్తో వంచి చేసుకున్నవాడు కూడా ఆ కార్డు రాసి దర్జాగా పెట్టుకోవచ్చు, దాచాల్సిన పనేముంది?

ప్రొపెల్లర్ విషయంలో మాత్రం మీరే కరెక్ట్, అందులో వాదనే లేదు. జనం మధ్యలో ఒకరు బ్యాటరీ తగిలించగానే థ్రాటిల్ సగంలో ఉండి మోటార్ తిరిగింది, ఆ రోజు ఎవరి వేళ్లూ పోకపోవడం అదృష్టం అంతే. దానికి మందు ఉంది. టేబుల్ మీదకి వచ్చే ఏ విమానానికీ ప్రొపెల్లర్ ఉండకూడదు, లైపో బ్యాటరీ లోపల ఉండకూడదు. ప్రొపెల్లర్‌ని పక్కన విడిగా పెట్టుకోవచ్చు. గేటు దగ్గరే ఒకరు నిలబడి చూస్తే సరిపోతుంది, కావాలంటే ఉదయం ఆ పని నేనే చేస్తాను.

ఇంకో కోరిక ఉంది, ఇది కాస్త వింతగా అనిపించొచ్చు. కూలిపోయిన విమానాలకి కూడా చోటివ్వండి. మన ఇళ్లల్లో అటక మీద, మంచాల కింద ఎన్ని ముక్కలున్నాయో మనకే తెలుసు. స్పార్ ఎక్కడ విరిగింది, జిగురు దగ్గర ఊడిందా లేక చెక్కే చీలిందా, ఆ విరిగిన చోటు చూస్తే కారణం తెలిసిపోతుంది. జాయింట్ శుభ్రంగా ఊడి వచ్చి, జిగురు ఒక పక్కకే అంటుకుని ఉంటే అది సరిగ్గా అతకలేదని. చెక్కే చీలి, జాయింట్ అలాగే ఉంటే జిగురు తన పని చేసిందని. అమెరికా ఇంజినీర్ పాల్ మెక్‌క్రెడీ చిన్నప్పటి నుంచి మోడళ్లు కట్టిన మనిషి, 1977లో మనిషి కాళ్లతో తొక్కి నడిపే గోసమర్ కాండార్ అనే విమానంతో, మనిషి బలంతోనే ఎగిరే విమానాలకిచ్చే క్రెమర్ ప్రైజ్ గెలిచాడు. మిగతావాళ్లు విరిగితే నెలలు పట్టే విమానాలు కడితే ఆయన త్వరగా అతికించి మళ్లీ ఎగరేసేలా కట్టుకున్నాడు. విరగడం ఆయన లెక్కలో ముందే ఉంది. కొత్త సభ్యుల్లో చాలామంది మొదటి క్రాష్ తర్వాత మళ్లీ కనిపించరు, సిగ్గుపడి, డబ్బు పోయిందని బాధపడి మానేస్తారు. పాతవాళ్ల ముక్కలు కూడా టేబుల్ మీద వరసగా కనిపిస్తే వాళ్లకి ఎంత ధైర్యమో ఆలోచించండి.

పోయిన షోలో జరిగిన ఒక సంగతి కూడా చెప్పాలి. మన సభ్యురాలు ఒకావిడ ఎనిమిది నెలలు కూర్చుని కట్టిన బైప్లేన్‌కి (ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలుండే విమానం) ఆ రోజే మెయిడెన్ ఫ్లైట్, అంటే మొదటి ఎగురుడు. రన్‌వే దగ్గర ఆవిడ పక్కన నేను నిలబడ్డాను, ట్రాన్స్‌మిటర్ పట్టుకున్న వేళ్లు వణకడం నాకు కనిపిస్తోంది. రేంజ్ చెక్ చేసింది, ఎయిలరాన్లు (రెక్క వెనక అంచున కదిలే పలకలు) సరైన దిక్కుకి కదులుతున్నాయా అని మూడుసార్లు చూసింది, గట్టిగా ఊపిరి తీసుకుని థ్రాటిల్ ఇచ్చింది. విమానం లేచింది, ముక్కు కాస్త పైకి ఎత్తుతుంటే ఎలివేటర్ (తోక మీది పలక) ట్రిమ్ రెండు క్లిక్కులు కిందకి ఇచ్చింది, ఆ తర్వాత నాలుగు నిమిషాలు తిరిగి దిగింది. మైక్‌లో ఏమన్నారంటే, "ఇప్పుడు పసుపు రంగు విమానం దిగుతోంది, తర్వాత జెట్ సిద్ధంగా ఉండాలి" అన్నారు. జనం అటు తిరిగిపోయారు. మైక్ పట్టుకున్నవాళ్ల తప్పు కాదది, వాళ్లకి చేతిలో కాగితం ఇచ్చినవాళ్లు లేరు. ఆ పసుపు రెక్కల్లోని ప్రతి రిబ్బూ ఆవిడ కోసింది, ప్రతి వైరూ ఆవిడ బిగించింది అని ఒక్క మాట చెప్పి ఉంటే ఆ చప్పట్లు ఎలా ఉండేవి? ముందే అది టేబుల్ మీద ఉండి, జనం దగ్గర నుంచి చూసి, ఆవిడతో మాట్లాడి ఉంటే, అది లేచేటప్పుడు వాళ్లు కూడా ఊపిరి బిగపట్టేవాళ్లు.

కాబట్టి నా విన్నపం ఇది. రెండు టేబుళ్లు, పార్కింగ్ వెనక కాకుండా జనం లోపలికి వచ్చే దారిలో, ఫ్లైట్ లైన్ కనిపించే చోట, సేఫ్టీ తాడుకి ఇవతల. కట్టినవాళ్లు వంతులు వేసుకుని అక్కడ నిలబడతారు, ఆ వంతుల కాగితం నేను రాసి తెస్తాను. ఎగరేసే ప్రతి విమానం కార్డూ మైక్ దగ్గరికి ముందే చేరుతుంది. పిల్లలకి ఒక మూల బాల్సా షీట్‌తో చేత్తో విసిరే గ్లైడర్లు కట్టిద్దాం, పావుగంట పని, ముక్కుకి కాస్త మైనం ముద్ద అంటించి సీజీ వాళ్లచేతే సరిచేయించి విసిరించడం, అంతే. దీనికి ఫ్లయింగ్ టైమ్‌లో ఒక్క నిమిషం కూడా తగ్గించనక్కర్లేదు.

వచ్చే మీటింగ్‌లో ఈ విషయం అజెండాలో పెట్టి, సభ్యుల మాట కూడా విని నిర్ణయం తీసుకోండి. నేను ఇప్పుడు కడుతున్న గ్లైడర్ కుడి రెక్కకి ఫిల్మ్ వేసేశాను. ఎడమ రెక్కని షో అయ్యేదాకా అలాగే వదిలేస్తున్నాను, మీరు టేబుల్ ఇస్తే జనం చేతికివ్వడానికి.

ఇట్లు,
మీ క్లబ్ సభ్యుడు